వాయిదా వేరు, గడువు వేరు

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు యజమాని ఉన్నాడనుకుందాం. మిషన్ తాలూకు బాకీ 9 లక్షలు ఇవ్వలేదని హైదరాబాద్ కంపెనీ దావా వేసింది. ఆ మిషన్ సరిగ్గా పనిచేయలేదన్నది ఈయన గోడు. సమన్లు అక్టోబర్ 10న అందాయి. వడ్ల సీజన్, మిల్లు ముందు లారీల బారు. వకాలత్ వేయించి, ‘వాయిదాకు వకీలు సాబ్ పోతాడులే’ అని ఊరుకున్నాడు. ఫిబ్రవరి 20న జవాబు దావా, అంటే దావాకు తన రాతపూర్వక సమాధానం, ఇవ్వబోతే కోర్టు తీసుకోలేదు. ఫిబ్రవరి 7తోనే 120 రోజులు నిండిపోయాయి.

భూమి తగాదాలు చూసిన కళ్లకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. మామూలు దావాల్లో 90 రోజులు దాటినా, బలమైన కారణం చూపితే జవాబు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. వ్యాపార దావాల్లో ఆ వెసులుబాటు లేదు. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టంతో వచ్చిన నిబంధన ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆలస్యమైతే కారణం చెప్పి, ఖర్చులు కట్టి 120 రోజుల వరకు లాగొచ్చు. ఆ తర్వాత జవాబిచ్చే హక్కే పోతుంది. జడ్జికి జాలి కలిగినా చేయగలిగింది లేదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు. కోవిడ్ కాలాన్ని మాత్రం లెక్కలోంచి తీసేశారు.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకునేవాళ్లున్నారు. మొదట కోటి రూపాయల పైబడిన వివాదాలకే ఉన్న చట్టం 2018లో 3 లక్షలకు దిగింది. మహబూబ్‌నగర్‌లో పత్తి వ్యాపారి, నల్లగొండలో షాపు అద్దెకిచ్చినాయన, అందరూ ఇందులోకి వస్తారు.

మరి దారేది? ‘నా తప్పు కాదు, వకీలుది’ అన్నా రోజులు వెనక్కి రావు. ఆలస్యాన్ని మాఫీ చేసే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 అప్పీళ్లకు, కొన్ని దరఖాస్తులకే. జవాబు దావాకు పనికిరాదు. కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వులను పైకోర్టు సరిచూసే రివిజన్ దారినీ వాణిజ్య కోర్టుల చట్టమే మూసేసింది. కింది కోర్టులపై హైకోర్టుకు అజమాయిషీ ఇచ్చే రాజ్యాంగ ఆర్టికల్ 227 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు గానీ, 120 రోజులు దాటాక అక్కడా ఆశ తక్కువ. మిగిలింది వాది సాక్షిని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేయడం, వాది కాగితాల్లో లొసుగులు చూపడం. చిన్నదేం కాదు, కానీ మిషన్ చెడిపోయిందన్న మన కథ రికార్డుకెక్కదు. ఓడితే అప్పీలుకు 60 రోజులు. అక్కడ స్వల్ప ఆలస్యాన్ని, అదీ అరుదుగా, మన్నించొచ్చని 2021లో సుప్రీంకోర్టు అంది.

అసలు మొదటి గంట ముందే మోగుతుంది. అత్యవసర ఉత్తర్వులు అడగని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ నోటీసును గుమాస్తా గల్లాపెట్టెలో పడేస్తాడు. మూడు నెలల రాజీ అవకాశం అక్కడే పోతుంది.

కఠినత్వాన్ని నేను తప్పుపట్టను. డబ్బు రావాల్సిన చిన్న సప్లయర్‌కు అది అండ. నా అభ్యంతరమల్లా ఒక్కటే. సమన్లలో హాజరు తేదీ చూసి, అదే గడువనుకుంటాడు వ్యాపారి. సమన్లు చేతికిచ్చిన రోజే ‘ఈ తేదీ దాటితే మీ జవాబు చెల్లదు’ అని తెలుగులో రాసి, 120వ రోజు తేదీ వేసి, కింద సంతకం పెట్టించుకోవాలి. దీనికి పట్టేది రెండు నిమిషాలు.