గుండెపోటులో సమానత్వం

స్త్రీపురుష సమానత్వం ఎప్పుడొస్తుందని వాపోయేవారికి శుభవార్త. ముట్లు ఆగిపోయాక వచ్చేస్తుంది. ఆస్తిలోనో, వంటింట్లోనో కాదు లెండి, రక్తనాళాల్లో.

అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను ఇవ్వడం మానేస్తాయి. టెస్టోస్టిరాన్ మాత్రం అంత త్వరగా తగ్గదు. దాంతో పాళ్ళు మారి మగ హార్మోనుది పైచేయి అవుతుంది. ఇన్నాళ్ళూ తుంటి దగ్గర బుద్ధిగా ఉన్న కొవ్వు పొట్టలోకి కాపురం మారుస్తుంది. చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కణాలు ఇన్సులిన్ మాట వినవు. ఈస్ట్రోజన్‌తో పోల్చినప్పుడు టెస్టోస్టిరాన్ పాళ్ళు ఎక్కువున్న స్త్రీలలో గుండెజబ్బులు ఎక్కువని 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. మగవారి వాటాలో ఇంత దక్కినా పడక్కుర్చీ, అడగకుండా చేతికొచ్చే రెండో కాఫీ మాత్రం ఆమెకు దక్కలేదు. ఇది ఆ అధ్యయనంలో లేదు, ఏ ఇంట్లోనైనా చూడవచ్చు.

వైద్యశాస్త్రం ఆడవాళ్ళను పట్టించుకోలేదనడం అన్యాయం. ఈస్ట్రోజన్ గుండెను కాపాడుతుందేమోనని అమెరికాలో 1960లలోనే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. పేరు కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్. చేరినవారు 8,341 మంది, అందరూ మగవాళ్ళే! వారిలో కొందరికి, అంటే గుండెపోటు నుంచి తేరుకున్న పెద్దమనుషులకు, చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్‌ను మింగించారు. రొమ్ములు పెరిగాయి గానీ గుండె బాగుపడలేదు. పైగా కొత్త గుండెపోట్లు, రక్తపు గడ్డలు. 1970లో పెద్ద మోతాదు, 1973లో చిన్న మోతాదు ఆపేశారు.

అసలు హక్కుదారుల మీద ఇంత పెద్ద పరీక్ష జరగడానికి 1990లు రావాల్సి వచ్చింది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (మరో ఆడ హార్మోనుకు నకలు) కలిపి ఇచ్చి చూసిన ఆ పరీక్షలో 16,608 మంది స్త్రీలు, సగటు వయసు 63. చేతులు కాలాక ఆకులు పట్టించి చూశారన్నమాట. రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బులు పెరిగాయని 2002లో అదీ ఆపేశారు. యాభైల్లోనే మొదలుపెట్టేవారి లెక్క కొంత వేరని తర్వాత తేలింది. అయినా కేవలం గుండె కోసమే ఆ మాత్రలు వద్దన్నది ఇప్పటికీ వైద్యుల మాట.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు యాభై దాకా ఆగే ఓపిక లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ‘పీడా పోతుంది’ అని సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే సమానత్వానికి నిరీక్షణే అక్కర్లేదు, ఆ వారమే మొదలు.

ఇక రక్తపరీక్ష కేంద్రాలకు ఉదయం ఏడింటికి వెళ్ళి చూడండి. ఆయన చొక్కా చేయి మడిచి కూర్చుని ఉంటాడు. పక్కన ఆవిడ, సూది తీయగానే ఆయన తినడానికి ఇడ్లీల డబ్బా, ఫ్లాస్కు పట్టుకుని. రాత్రి భోజనం తర్వాత ఆవిడా ఏమీ తినలేదు. ‘మీరూ ఇస్తారా అమ్మా’ అని ల్యాబు అమ్మాయి అడిగితే, ‘నాకేం జబ్బు తల్లీ, ఒట్టి గ్యాసే’ అంటుంది.