పేపర్ తెగిన ప్రతిసారీ డ్రా పెంచడం ఇకనైనా ఆపండి

నిన్న రాత్రి పాత మిత్రుడొకడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే షిఫ్టులో పనిచేశాం. వాళ్ల పేపర్ మెషిన్‌లో వారం రోజులుగా మొదటి డ్రయర్ గ్రూపు (కాగితాన్ని ఆరబెట్టే సిలిండర్ల వరస) దగ్గర షీట్ తెగుతోందట.

"ఏం చేశారు?"

"డ్రా కొంచెం పెంచాం అన్నా." (డ్రా అంటే షీట్‌ని బిగించి లాగే వేగాల తేడా.)

"తర్వాత?"

"మళ్లీ తెగింది. ఇంకొంచెం పెంచాం."

"సక్షన్ రోల్స్ చూశారా?" (గాలి పీల్చి షీట్‌ని పట్టి ఉంచే రోల్స్ అవి.)

"వాటికేమీ లేదన్నా, గేజ్ బ్రహ్మాండంగా ఉంది. పోయిన నెల కన్నా ఎక్కువ వాక్యూమే చూపిస్తోంది."

ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సరిగ్గా ఇదే మాటని, ఇంతే నమ్మకంతో నేనూ ఒకప్పుడు చెప్పాను. ఆ నమ్మకం వల్ల ఎంత కాగితం బ్రోక్ (తెగి పాడైన కాగితం) అయిపోయిందో, ఎంతమంది కుర్రాళ్లు అర్ధరాత్రి హుడ్ (డ్రయర్‌ని కప్పే గూడు) కింద ఆ వేడిలో తడి పేపర్ ముద్దలు లాగుతూ నానా అవస్థ పడ్డారో నాకు తెలుసు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఈ పనిలో లేనివాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ చెబుతాను.

నీళ్లు పిండే ప్రెస్ దాటి వచ్చే షీట్ చూడటానికి కాగితమే గానీ, అందులో సగానికి పైగా నీళ్లుంటాయి. 100 గ్రాముల తడి షీట్ తీసుకుంటే 45 గ్రాములు పీచు, 55 గ్రాములు నీళ్లు అనుకోండి. దాన్ని ఆవిరితో కాగే పెద్ద పెద్ద సిలిండర్ల మీదుగా నడిపి ఆరబెట్టాలి. ఇంగ్లండ్‌లో థామస్ బాన్సర్ క్రాంప్టన్ ఇలాంటి సిలిండర్లకి పేటెంట్ తీసుకున్నది 1820లో. వేడి సిలిండర్ ఒకటి, దానికి కాగితాన్ని అదిమి పట్టే గుడ్డ ఒకటి. రెండొందల ఏళ్లయినా మూలసూత్రం అదే. మారింది వేగం.

పాత పద్ధతిలో సిలిండర్లు పైన ఒక వరస, కింద ఒక వరస ఉంటాయి. షీట్ పై సిలిండర్ నుంచి కింది సిలిండర్‌కి దిగేటప్పుడు మధ్యలో ఏ ఆధారమూ ఉండదు. నెమ్మదిగా నడిచే మెషిన్‌లో ఫరవాలేదు. వేగం పెంచేకొద్దీ ఆ ఖాళీలో షీట్ గాలిపటం తోకలా రెపరెపలాడుతుంది, అంచు మడత పడుతుంది, తెగుతుంది. అందుకని షీట్‌ని ఒకే డ్రయర్ స్క్రీన్ (పైన చెప్పిన గుడ్డే) మీద కూర్చోబెట్టి, పైనా కిందా అదే మోసుకుపోయేలా చేశారు. ఖాళీ అయితే పోయింది గానీ ఇంకో చిక్కు వచ్చింది. కింది సిలిండర్ దగ్గర స్క్రీన్ లోపలివైపు, షీట్ బయటివైపు ఉంటాయి. సిలిండర్ వేడి స్క్రీన్‌ని దాటి షీట్‌కి చేరేది అంతంతమాత్రం. పైగా షీట్ బయటికి ఎగిరిపోవాలని చూస్తుంది. ఎలాగూ సరిగా ఆరబెట్టని ఆ కింది సిలిండర్ల స్థానంలో, 1980ల నుంచి, ఒంటినిండా రంధ్రాలున్న సక్షన్ రోల్స్ పెడుతూ వచ్చారు. లోపలి నుంచి గాలి పీల్చి, స్క్రీన్‌ మీదుగా షీట్‌ని పట్టి ఉంచడం వాటి పని. తిప్పుతాయి, దారి చూపిస్తాయి, అంతే. ఆరబెట్టే పని పై సిలిండర్లది.

ఆ పట్టు ఎందుకు అవసరమో ఒక్క లెక్క చూడండి. మెషిన్ నిమిషానికి 1500 మీటర్ల మీద నడుస్తోందనుకుందాం, అంటే సెకనుకి 25 మీటర్లు. రోల్ వ్యాసం మీటరున్నర. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే 833 వస్తుంది. భూమి ఆకర్షణకి దాదాపు 85 రెట్లు! తడి షీట్ చదరపు మీటరుకి 100 గ్రాములుంటే, దాన్ని బయటికి విసిరే బలం సుమారు 83 పాస్కల్. నీటి మట్టంలో చెప్పుకుంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. డ్రయర్ సక్షన్ రోల్‌కి మామూలుగా ఇచ్చే వాక్యూమ్ ఒకటి రెండు కిలోపాస్కల్, అంటే ఈ లెక్కకి పది ఇరవై రెట్లు.

మరి అన్ని రెట్లు ఉన్నా షీట్ ఎందుకు లేస్తోంది? ఇక్కడే మనవాళ్లు గాలిని మర్చిపోతారు. పరుగెత్తే స్క్రీన్ తనతోపాటు ఒక పొర గాలిని లాక్కొస్తుంది. తిరిగే రోల్ కూడా అంతే. స్క్రీన్ వచ్చి రోల్‌కి తగిలే చోట రెండూ కలిసి సన్నటి మూలలాగా ఏర్పడతాయి. రెండు పొరల గాలీ ఆ మూలలోకి దూరి ఇరుక్కుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది, స్క్రీన్‌లోంచి దూసుకొచ్చి షీట్‌ని బయటికి నెడుతుంది. వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి సుమారు నాలుగింతలవుతుంది. అంతకన్నా ముందే ఇంకో గండం ఉంది. షీట్ సిలిండర్‌ని వదిలే చోట మూల తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ పీడనం పడిపోయి, షీట్ స్క్రీన్‌ వెంట రాకుండా సిలిండర్‌నే అంటుకుని కొంతదూరం పోతుంది. తడి షీట్ జిగురు దానికి తోడు. అలా పోయినప్పుడు షీట్ వదులై, సంచిలా ఉబ్బి రోల్ మీదకి వస్తుంది. రోల్ చుట్టూ గాళ్లు (సన్నటి కాలువల్లాంటివి) తీసి, వాటి అడుగున రంధ్రాలు వేసేది, సిలిండర్ల మధ్య బ్లో బాక్సులు (గాలి ఊదే పెట్టెలు) పెట్టేది ఈ గాలిని తప్పించడానికే. సక్షన్ రోల్‌ని విడిగా ఒక రోల్ అనుకుంటే ఎప్పటికీ అర్థం కాదు. స్క్రీన్, రంధ్రాలు, సీల్, డక్ట్, ఫ్యాన్ అన్నీ కలిపి ఒకటే గాలి దారి. అందులో ఎక్కడ అడ్డుపడినా, ఎక్కడ కన్నం పడినా నష్టపోయేది షీట్.

ఇప్పుడు నా అసలు కోపం దగ్గరికి వస్తాను.

షీట్ లేస్తే, రెపరెపలాడితే వెంటనే చేసే పని డ్రా పెంచడం. డ్రా అంటే ముందు భాగం వేగానికీ తర్వాతి భాగం వేగానికీ ఉన్న తేడా. పెంచితే షీట్ బిగుస్తుంది, రెపరెప తగ్గినట్టు కనిపిస్తుంది. ఓ అరగంట అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ బిగువుకి షీట్ తన సాగే గుణాన్ని ఖర్చు పెట్టేసింది. సగం పైగా నీళ్లున్న షీట్‌లో పీచుకీ పీచుకీ మధ్య పట్టు అప్పటికింకా పూర్తిగా ఏర్పడలేదు. ఆ స్థితిలో సాగదీస్తే మళ్లీ వెనక్కి రాదు. తర్వాత చిన్న నలుసు తగిలినా, అంచున చిన్న చీలిక ఉన్నా అక్కడి నుంచి తెగుతుంది. తెగకుండా కాగితం చుట్టే రీల్ దాకా వెళ్లినా సాగే గుణం తగ్గిన కాగితమే వెళుతుంది. అది ప్రింటింగ్ మెషిన్ మీద తెగితే ఆ మాట కూడా మనకే వస్తుంది. రోగం గాలి దారిలో ఉంటే మందు డ్రైవ్‌కి (మెషిన్ నడిపే మోటార్లకి) వేస్తున్నాం.

తెగిన ప్రతిసారీ నింద ఎవరి మీద? డ్రయర్ ఆపరేటర్ మీద. "సరిగా చూసుకోలేదు", "టెయిల్ (తెగాక మళ్లీ ముందుగా ఎక్కించే సన్నటి పట్టీ) సరిగా వేయలేదు" అంటారు. ఆపరేటర్ రోల్ సంగతి ఎత్తితే ఆడలేక మద్దెల ఓడన్నట్టు చూస్తారు. మద్దెల నిజంగానే ఓడైతే వాడేం చేస్తాడు? ఆ మాట చెప్పి తిట్లు తిన్న కుర్రాళ్లని నేను చూశాను. వాళ్లు చెప్పింది నిజమని తర్వాత తేలినా ఎవరూ పిలిచి ఆ మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

గేజ్ సంగతి చెప్పాలి. చాలాచోట్ల వాక్యూమ్ గేజ్ ఉండేది రోల్ దగ్గర కాదు, డక్ట్ మీద, ఫ్యాన్ వైపు. రోల్ రంధ్రాలు పీచుతో, స్టార్చ్‌తో, చెక్కలోంచి వచ్చే జిగురు పిచ్‌తో పూడుకుపోతే గాలి రావడం తగ్గుతుంది. గాలి తగ్గితే డక్ట్‌లో వాక్యూమ్ పెరుగుతుంది. ఒక స్ట్రా చివరని వేలితో మూసి పీల్చినట్టు. గేజ్ ముల్లు పైకి లేస్తుంది. చూసినవాళ్లు రోల్ భేషుగ్గా ఉందనుకుంటారు. రోల్ పైన మాత్రం షీట్‌ని పట్టుకునే గాలే లేదు. నా మిత్రుడు "పోయిన నెల కన్నా ఎక్కువ" అన్నప్పుడు నా గుండె జారింది అందుకే.

మా దగ్గర అదే జరిగింది. నెలన్నర పాటు తెగుతూనే ఉంది. ఒక రాత్రి టార్చి తీసుకుని, గార్డు (రక్షణ కంచె) బయట నిలబడి, గ్రూపులో మూడో రోల్ మీదకి వెలుతురు అడ్డంగా వేసి చూశాను. డ్రైవ్ వైపు అంచు బెత్తెడు మేర లేచి, మళ్లీ పడుతోంది. లేచినప్పుడల్లా దాని నీడ రోల్ కింద సన్నగా వణికింది. మధ్యభాగం మాత్రం అంటుకునే ఉంది. అప్పటికే డ్రా మామూలుకన్నా చాలా పైన ఉంది. షట్‌డౌన్‌లో స్క్రీన్ వదులు చేసి ఆ రోల్ దగ్గర కూర్చున్నాం. గాళ్లు పైకి శుభ్రంగానే ఉన్నాయి. సన్నటి తీగ తీసుకుని అడుగునున్న ఒక రంధ్రంలో పొడిస్తే ముందు దిగలేదు. కాస్త బలం పెట్టాక టప్పున ఒక బిళ్ల లోపలికి పడింది. ఇంకో బిళ్లని బయటికి లాగి చూస్తే చొక్కా గుండీ అంత గట్టిగా, గోధుమ రంగులో, ఒకవైపు గాడి ఆకారానికే నున్నగా అరిగి ఉంది. డ్రైవ్ వైపు అంచున వరసకి వరస అలాగే పూడుకుపోయాయి. అదంతా శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. మెషిన్ ఎక్కించాక డ్రాని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి పాత అంకె దగ్గరే నిలబెట్టాం. షీట్ నిలిచింది.

ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది. దీనికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు. గేజ్ ఒక్కటే చూడకండి, పక్కనే ఫ్యాన్ మోటార్ ఆంపియర్లు చూడండి. వాక్యూమ్ పెరిగి ఆంపియర్లు తగ్గితే దారి పూడుకుంటోందని అర్థం: రంధ్రాలు కావచ్చు, మురికి పట్టిన స్క్రీన్ కావచ్చు. వాక్యూమ్ తగ్గి ఆంపియర్లు పెరిగితే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. స్క్రీన్ చుట్టుకోని వైపు రోల్‌కి ఉండే సీల్ అరిగిందేమో, డక్ట్ జాయింట్ వదిలిందేమో వెతకండి. ఇంకొకటి, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది: షీట్ ఉన్నప్పుడు గేజ్ ఎంత, తెగి స్క్రీన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఎంత. రోల్ శుభ్రంగా ఉంటే షీట్ ఎక్కగానే గాలి అడ్డుపడి ముల్లు స్పష్టంగా లేస్తుంది. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయంటే షీట్ కన్నా ముందే ఇంకేదో గాలికి అడ్డుపడి కూర్చుంది. రోల్ కొత్తగా ఎక్కించిన రోజున ఈ రెండు అంకెలూ లాగ్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే తర్వాత వాదనలుండవు.

సక్షన్ రోల్స్ మీద వినిపించే ఫిర్యాదులు నాకు తెలియనివి కావు. ఫ్యాన్లకి కరెంటు ఖర్చు. ఆరబెట్టే సిలిండర్లు తగ్గుతాయి కాబట్టి డ్రయర్ పొడుగు పెరుగుతుంది. ఒకేవైపు ఆరితే కాగితం వంకర తిరుగుతుంది, దానికి తర్వాత వేరే ఏర్పాటు కావాలి. అన్నీ నిజమే. కానీ ఆరేటప్పుడు కాగితం అడ్డంగా కుంచించుకుపోతుంది, మధ్యకన్నా అంచులు ఎక్కువ. దాన్ని చదునుగా పట్టి ఉంచి ఆ తేడా తగ్గించేది కూడా ఈ వాక్యూమే. టెయిల్ వేసేటప్పుడు తాళ్లు లేకుండా ఆ సన్నటి పట్టీ తనంతట తనే గ్రూపు దాటిపోయేది కూడా అంచున ఉన్న ఈ పట్టు వల్లే.

టెయిల్ అన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అంచు రంధ్రాలు పూడుకుంటే టెయిల్ రోల్ మీద నిలవదు, జారిపోతుంది. అప్పుడు ఏం జరుగుతుంది? ఎవరో ఒకరు ఎయిర్ హోస్ పట్టుకుని దగ్గరికి వెళతారు. హోస్ చాలకపోతే చెయ్యి వెళుతుంది. స్క్రీన్ రోల్‌ని తాకే ఆ మూల సెకనుకి 25 మీటర్ల వేగంతో లోపలికి లాగుతుంది, చెయ్యి వెనక్కి తీసుకునే టైము ఇవ్వదు. మెషిన్ తిరుగుతుండగా రోల్ దులపమని ఆర్డరేసిన మిల్లులో నేను పనిచేశాను. చేయనని చెప్పినందుకు ఆ నెలంతా నాకు రాత్రి షిఫ్టులే పడ్డాయి. ఆ పని నా తర్వాతి షిఫ్టు చేత చేయించారు. షట్‌డౌన్‌లో ఒక పూట ఇవ్వడానికి మనసు రాక, మనుషుల చేతులు పెట్టించడం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

పొద్దున్నే మిత్రుడికి మెసేజ్ పెట్టాను: డ్రా ముట్టుకోకు, ఈసారి షీట్ తెగినప్పుడు ఖాళీ స్క్రీన్ మీద గేజ్ చూసి అంకె పంపు అని. మధ్యాహ్నం పంపాడు. షీట్ ఉన్నప్పటి అంకెకీ దానికీ తేడా కనీకనిపించనంత. ఫ్యాన్ ఆంపియర్లు కూడా పోయిన నెల కన్నా తక్కువే ఉన్నాయట. ఎల్లుండి షట్ అడుగుతానన్నాడు.