లొంగిపోయిన గంట కాగితం మీద ఉండాలి

శ్రీకాకుళం పల్లెల్లో ఒకరిమీద కేసు కట్టారని తెలిస్తే ఇంటివాళ్లు ముందుగా వెతుక్కునేది ప్లీడరును కాదు, స్టేషన్‌లో నాలుగు మాటలు చెప్పగల పెద్దమనిషిని. చెన్నైలో తాపీపని చేసుకుంటున్న కుర్రాడు ఫోన్ అందుకుని రాత్రికి రాత్రి బయల్దేరి, శ్రీకాకుళం రోడ్డులో రైలు దిగి, ఆ పెద్దమనిషి వెనుక వెళ్లి స్టేషన్ బల్ల మీద కూర్చుంటాడు. అతడు వచ్చిన గంటను ఎవరూ రాయరు. ఏ సాయంత్రానికో అరెస్టు మెమోలో, స్టేషన్ కాగితాలు రాసే రైటర్ వేసే సమయమే రికార్డుగా నిలిచిపోతుంది.

నా అభ్యంతరమంతా ఆ ఖాళీ గంటల గురించే. అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. లెక్క ఎక్కడ మొదలైందో తేలనప్పుడు ఆ 24 గంటలకు అర్థమేముంది? బెదిరింపులూ బేరాలూ నడవడానికి వీలుండేది కూడా లెక్కకు రాని ఆ వేళలోనే. అందుకే లొంగిపోయేవాడు న్యాయవాదిని వెంటబెట్టుకుని, ఫలానా తేదీన ఫలానా గంటకు హాజరయ్యానని రాసిన అర్జీ ఇచ్చి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయబోమని స్టేషన్‌వాళ్లు అంటే నేరుగా కోర్టులోనే లొంగిపోవచ్చు.

అసలు చాలా కేసుల్లో లొంగుబాటు అవసరమే రాదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టును యాంత్రికంగా చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35వ సెక్షన్ ప్రకారం నోటీసు అందుకుని హాజరవుతున్నవాణ్ని, కారణం రాసి చూపకుండా అరెస్టు చేయకూడదు. అరవై దాటినవారిని మూడేళ్లలోపు శిక్ష పడే కేసులో అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి కావాలి. దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని అదే సంహితలోని 181వ సెక్షన్ నిషేధిస్తోంది; తెల్లకాగితం ముందు పెట్టి పెన్ను చేతికిస్తే ఆ పెన్ను కింద పెట్టేయవచ్చు.

అన్నిటికీ కాగితం అడిగితే దర్యాప్తు ముందుకు సాగదని, సిబ్బంది చాలరని పోలీసులు అంటారు. పనిభారం నిజమే. గంట, తేదీ రాయడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఆ కాగితం ఏ భాషలో ఉందన్నది నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న. అరెస్టుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, ఆలస్యమైనా రిమాండుకు హాజరుపరిచే ముందు కనీసం రెండు గంటలకైనా అవి అతని చేతిలో ఉండాలని 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఇక్కడ తెలుగులో, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాత్రమే వచ్చినవారికి ఒడియాలో. మందస, మెళియాపుట్టి కొండల్లోని సవరలకు వారి భాషలో చదివి వినిపించే మనిషి కూడా కావాలి. అర్థంకాని ఇంగ్లిషు కాగితం కింద వేలిముద్ర వేయించుకుని కారణాలు తెలిపామనడాన్ని కోర్టులు ఇకమీదట ఒప్పుకోకూడదు.

నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే చెబుతోంది. పెద్దమనిషి కోసం అప్పుచేసే ఇంటివాళ్లు ముందు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయాలి.