సీసాలు పగలగొట్టేవాళ్లకు లేని అడ్డు కుక్కకెందుకు?

ఈ ఉదయం విశాఖ దగ్గర తోట్లకొండ కింది తీరంలో మా కుక్క గంగి ముందుకాలు కోసుకుంది. పగిలిన బీరు సీసా పెంకు ఇసుకలో సగం పూడి ఉంది. నేను కాలు కడిగి చున్నీతో కట్టు కడుతుంటే, నడకకు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "మనుషులు తిరిగే చోటికి కుక్కల్నెందుకు తెస్తారమ్మా?" అన్నాడు. కారుతున్న రక్తం చూశాడు, పక్కనే ఉన్న పెంకు చూశాడు. అయినా ఆయనకు తప్పు కుక్కలోనే కనబడింది. ఇంటికి వచ్చి ఇంతసేపైనా నా ఒళ్లు మండుతూనే ఉంది.

అయ్యా, కుక్కతో నడవడానికి మేమెంత చూసుకుంటామో మీకు తెలుసా? విశాఖ నుంచి భీమిలి దాకా ఇంత తీరముంది, ఎక్కడ పడితే అక్కడ దిగిపోలేము. ఎండాకాలంలో చీకటితోనే బయలుదేరాలి. పొద్దెక్కితే ఇసుక దాని అరికాళ్లను కాల్చేస్తుంది. మంగమారిపేట శిలాతోరణం దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్లాలి. మంచినీళ్లు మోసుకెళ్లాలి, దాహానికి ఉప్పునీళ్లు తాగిందంటే వాంతులు, విరేచనాలు. మత్స్యకారుల పల్లెల దగ్గర ఇసుక మీద నెత్తళ్లు ఎండబెడతారు. అది వాళ్ల కష్టం, దాని మీద కుక్క మూతి పడకూడదు. అక్కడికి రాగానే తాడు చేతికి చుట్టుకుని దూరంగా తప్పుకుంటాను. మలం సంచిలోకి ఎత్తి ఇంటికి తెచ్చుకుంటాను.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న ప్రాణులవి. వాసన పడితే కుక్క గుడ్లు తవ్వేస్తుందని నాకు తెలుసు, అందుకే ఆ నెలల్లో గంగిని ఇసుకలోకి దింపను. ఆనందపురం, పద్మనాభం వైపు పొలాలకు తీసుకెళతాను. అక్కడా నిశ్చింత లేదు. మేకల మంద ఎదురైతే గట్టు దిగి నిలబడాలి, గడ్డి పెరిగిన గట్ల మీద పాములుంటాయి, వానలు పడ్డాక గోమార్లు పట్టుకుంటాయి. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికి తీయాలి. ఇంత జాగ్రత్త పడేవాళ్లను నిలదీస్తారు. అదే ఇసుకలో రాత్రి తాగి సీసాలు పగలగొట్టి పోయేవాళ్లను ఒక్కరూ ఒక్క మాట అనరు!

నన్ను అసలు కోసింది ఆ తర్వాత జరిగింది. అదే పెద్దాయన నాలుగడుగులు వేసి, ఒక కుటుంబం తెచ్చిన లాబ్రడార్ తల నిమిరాడు. దాని మెడకు తాడు కూడా లేదు. మరి మనుషులు తిరిగే చోటన్న మాట ఏమైంది? మా గంగి వీధిలో పుట్టిన నాటుకుక్క, అదీ దాని నేరం. ఈ నేలలో, ఈ ఎండలో పుట్టి ఇక్కడి వాతావరణానికి తట్టుకునే కుక్కను రాళ్లతో కొడతారు. మంచుదేశపు హస్కీని కొని తెచ్చి, విశాఖ ఉక్కపోతలో రొప్పిస్తూ ఫొటోలు తీసుకుంటారు.

నిరుటి డిసెంబరులో అరకు వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. రైల్లో కుక్కను పక్కన ఉంచుకోవాలంటే ఫస్టు ఏసీలో కూపే, అంటే తలుపున్న విడి గది, మొత్తం తీసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలోని బోనులో వేయాలి. బోనులో వేయడం ఇష్టంలేక ఘాట్ రోడ్డులో కారు నడుపుకుంటూ వెళ్లాం. కుక్కలను రానిస్తామని ఫోనులో రెండుసార్లు చెప్పిన విడిది వాళ్లు, గంగి కారు దిగగానే "ఇది వీధికుక్క కదా మేడమ్, మిగతా అతిథులు ఒప్పుకోరు" అన్నారు. వాళ్ల వరండాలోనే ఎవరిదో పగ్ సోఫా మీద పడుకుని ఉంది. బయట వణికించే చలి. టీకాల పుస్తకం తీసి చూపించినా తెరిచి చూడలేదు. డబ్బులు అడిగితే ముందుగా కట్టింది తిరిగి ఇవ్వడం కుదరదన్నారు.

ఇప్పుడు గది అడిగేముందే గంగి ఫొటో పంపుతున్నాను. ఫొటో చూశాక జవాబివ్వని వాళ్లే ఎక్కువ. అరకులో గానీ, లంబసింగిలో గానీ నాటుకుక్కను నిజంగా గదిలోకి రానిచ్చిన చోటు మీకు తెలిస్తే దయచేసి కింద రాయండి. జాతికుక్కను రానిచ్చిన చోట్ల జాబితా నాకు వద్దు.