అంబాసిడర్ గారి అసలు రంగు

విశాఖపట్నంలో తక్షణం పరిష్కారం కావలసిన సమస్య మీగడ రంగు. ఉక్కు కర్మాగారం భవిష్యత్తు, మంచినీళ్లు వగైరాలు కొంతకాలం ఓపిక పట్టగలవు. పాత అంబాసిడర్ కారుకు పూర్వవైభవం తెప్పిస్తున్న పెద్దమనిషి మాత్రం పట్టలేరు.

ఈ జాతిని మీరూ చూసే ఉంటారు. 2014లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయిన మర్నాటి నుంచే వీరికి ఆ బండి మీద ప్రేమ పొంగింది. అంతకుముందు దాన్ని తుక్కు కింద జమకట్టి పెరట్లో కోళ్లకు అప్పగించిందీ వీరే. ఇప్పుడది వంశగౌరవం. కనుక అసలు రంగే పడాలి. ఎండకూ ఉప్పుగాలికీ పైరంగు ఎప్పుడో వెలిసిపోయింది కాబట్టి, వెలుతురు సోకని చోటు వెతకాలి: డిక్కీలో పరుపు కింద, తలుపు బీడింగు వెనక, డ్యాష్‌బోర్డు లోపల. ఇంతవరకూ సబబే, కాదనను.

ఆ తర్వాతే తంతు. ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు పెద్దమనిషి, ఆయన బావమరిది, ఒక విశ్రాంత ఇంజనీరు కుర్చీలు వేయించుకుని కొలువుతీరతారు. పెయింటరు రంగు కలిపి రేకు ముక్క మీద కొడతాడు. తడి మీద ఒక ఛాయ, ఆరాక మరొకటి. ట్యూబ్‌లైటు కింద పాత రంగుకూ దీనికీ తేడా తెలియదు; గుమ్మం దాటి ఎండలోకి తేగానే తెలిసిపోతుంది. కలిపిన రంగుపొడులు వేరైతే ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో విడిపోతాయి మరి. "పసుపు ఎక్కువైంది" అంటాడు బావమరిది. "కాదండీ, నలుపు చుక్క తగ్గింది" అంటాడు ఇంజనీరు. వివాదం తేలక, బండి కొన్ననాటి ఫొటో ఇంటి నుంచి తెప్పిస్తారు. అది బ్లాక్ అండ్ వైట్ ఫొటో. అయినా ముగ్గురూ దాన్ని ఎండకు ఎత్తిపట్టి చూసి, "అదిగో, అదీ రంగంటే!" అని తలలు పంకిస్తారు.

రంగు కొలిచే యంత్రం ఉంది కదా అంటే వినరు. యంత్రం ఇవాళ్టి రంగే చెబుతుందట. వీరికి కావలసింది నాన్నగారు చూసిన రంగు.

చివరికి ఏదో ఒక మీగడ ఖాయమై, కుర్రాడు స్ప్రే గన్ను పట్టుకుంటాడు. ఇప్పటి రెండు డబ్బాల రంగులో, అది గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకపోయాక, ఆపైన కాస్త సోకినా ఊపిరాడదు. బయటి నుంచి మంచిగాలి అందించే ముసుగు ఉండాలి. ఆ కుర్రాడి ముక్కుకు ఉన్నది జేబురుమాలు. పసుపు చుక్క తేడా పట్టేసిన కళ్లకు ఆ రుమాలు కనబడదా? వాడు దగ్గుతుంటే, "చెయ్యి కదపకు, చారలు పడతాయి" అని కేకలేసే నోటికి సిగ్గుండదా? తుక్కు రేకుకున్న విలువ ఇరవై ఏళ్ల ఊపిరితిత్తులకు లేదా?

ముసుగు ఒకటి కొనిపెట్టండని పెద్దమనిషికి చెప్పి చూశాను. బడ్జెట్ ఇప్పటికే దాటిపోయిందట. సీట్లు కుట్టే దారం కోసం కోల్‌కతాకు మనిషిని పంపించారు, అందులోనూ మీగడ రంగులు మూడు రకాలున్నాయట.