మీరు ఏ నిడమర్తి?

పోయిన ఉగాది పాట్‌లక్‌లో పులిహోర ట్రే దగ్గర నిలబడి ఉంటే ఒకాయన నా మెళ్ళో వేలాడుతున్న పేరు బ్యాడ్జి చూసి "నిడమర్తా! మేమూ నిడమర్తేనండీ" అన్నాడు, చెయ్యి కలిపాం, పక్కనున్న ఇంకో ఆవిడ మా పుట్టింటి వాళ్ళు కూడా నిడమర్తే అంటూ వచ్చింది, ముగ్గురం ఫొటో దిగాం, అంతా బాగానే ఉంది, ఫొటో అయ్యాక ఆయన గొంతు కాస్త తగ్గించి "ఇంతకీ మీరు ఏ నిడమర్తి?" అన్నాడు. ఆ ప్రశ్నకి అర్థం ఏంటో బెజవాడ, గుంటూరు వైపు పుట్టిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఐదు నిమిషాల్లో తేలింది, ముగ్గురిదీ మూడు కులాలు. ఆయన మళ్ళీ పులిహోర దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం పురుగు తొలిచింది. ఒకే ఇంటిపేరు, మూడు కులాలు, మరి మేం ముగ్గురం ఎక్కడో ఒకచోట ఒకటేనా కాదా అని. ఆఫీసులో అయితే నన్ను ఎవరూ నిడమర్తి అనరు, నోరు తిరగక పదిహేనేళ్ళ నుంచి "మార్టీ" అంటారు, నేను కూడా పలుకుతున్నా. బహుశా ఆ మార్టీ గాడే చేయించి ఉంటాడు ఈ పని, వంద డాలర్లకి ఒక డాలర్ తక్కువ పెట్టి డీఎన్‌ఏ కిట్ తెప్పించి ట్యూబులో ఉమ్మి పంపించా. ఆరు వారాలకి రిపోర్ట్ వచ్చింది. ఇండియా మ్యాప్ మీద దక్షిణాన ఒక పెద్ద రంగు మరక, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే జన్యు గుర్తుల్ని బట్టి చెప్పే తండ్రి వైపు గ్రూపు హెచ్, దాని కింద నాలుగు పేరాల ఇంగ్లీషు. దక్షిణ భారతీయుడివి అని చెప్పడానికి వంద డాలర్లా, మా ఆవిడని అడిగితే ఊరికే చెప్పేది.

సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు సరే అసలు ఊరే చూద్దామని గుంటూరు నుంచి మంగళగిరి బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో నిడమర్రు వెళ్ళా. రాజధాని కోసం భూసమీకరణ చేసిన 29 ఊళ్ళలో అది ఒకటి. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన్ని "ఇక్కడ నిడమర్తి వాళ్ళు ఎవరైనా ఉన్నారా బాబాయ్" అని అడిగా. ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడ నిడమర్తోళ్ళు ఎందుకుంటారయ్యా, ఇక్కడుండేది నిడమర్రు వోళ్ళు" అన్నాడు.

నిజంగా ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరు పెట్టి ఎవరు పిలుస్తారు, అందరిదీ అదే ఊరైనప్పుడు? ఊరు వదిలి పక్క ఊరికి పోయినోడికే "ఆ నిడమర్రు నుంచి వచ్చినోళ్ళు" అని తగులుకుంటుంది, రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరు అయి కూర్చుంటుంది. వెలగపూడి, రాయపూడి, ఉండవల్లి, తాడికొండ, నూతక్కి, దుగ్గిరాల, ఇలా ఊరి పేరే ఇంటిపేరైన వాళ్ళందరి ఇంట్లోనూ ఎప్పుడో ఒకడు మూటాముల్లె సర్దుకుని బండి కట్టాడన్న మాట. వీసా లేని ఎన్నారైలు వాళ్ళు. కరువుకి వెళ్ళారో, పెళ్ళికి వెళ్ళారో, అన్నదమ్ములు కొట్టుకుని వెళ్ళారో పేరులో ఉండదు. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు ఊడ్చేసింది, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పడ్డాక జనం డెల్టాలోకి దిగారు. ఆ తర్వాత నిజాంసాగర్ కింద, తుంగభద్ర కింద కూడా మనవాళ్ళే, కర్ణాటకలో సింధనూరు వైపు వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులే అంటారు. మనం డాలస్ వెళ్ళి ఏదో కొత్త పని చేశామనుకుంటాం గానీ.

మర్రు మర్తి ఎట్టా అయింది అని మా పిల్ల అడిగింది, దానికి తెలుగు బడిలో చెప్పలేదట. ఇందులో పెద్ద రహస్యం లేదు, నెయ్యి పోస్తే నేతి గారెలు, నుయ్యిలో నీళ్ళు నూతి నీళ్ళు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి మాట చివర వచ్చి చేరే ఇ, టి, తి అని ఔపవిభక్తికాలు చెప్పాడే, అవే ఇవి. ఊరు ఊరి అవుతుంది కాబట్టి వేమూరు వేమూరి, పాడు పాటి అవుతుంది కాబట్టి యడ్లపాడు యడ్లపాటి, ఈడుపుగల్లు నుంచి వస్తే ఈడుపుగంటి, కొండవీడు నుంచి వస్తే కొండవీటి, పామర్రు నుంచి వస్తే పామర్తి. ఇల్లు అన్నది ఇంటి అయితేనే గదా అసలు "ఇంటిపేరు" అన్న మాట పుట్టింది. "యొక్క" అన్న అర్థం అందులోనే దాగి ఉంది, నిడమర్రు యొక్క మనిషి అని. పాస్‌పోర్ట్ ఆఫీసు వాడు దీన్ని సర్‌నేమ్ అన్నాడు, అమెరికా వాడు లాస్ట్ నేమ్ అన్నాడు, మనకేమో అది ముందు వచ్చే పేరు, వాడికి చివర రావాలి, కొంతమందికి తండ్రి పేరు అక్కడికి పోయి పడింది, కొంతమందికి రావు అన్నదే వంశం పేరైపోయింది, పాస్‌పోర్టులో ఒకటే పేరున్న పాపానికి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడి ఆ మూడక్షరాల్నే అసలు పేరు అనుకుని పిలిపించుకున్న వాళ్ళు కూడా ఉన్నారు.

ఊరి పేర్లు కానివీ బోలెడు, పప్పు, మిరియాల, ఆవుల, మేకా, పులి, కాకి. వాటి కథ వేరు. బెల్లంకొండ వాళ్ళకి మాత్రం బెల్లంతో ఏం పని లేదు, అది పల్నాడులో కోట ఉన్న ఊరు. ఊరి పేరున్నా నమ్మడానికి లేదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మెకంజీ దొరకి మన ఊళ్ళ కైఫియతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించి పెట్టిన కావలి సోదరుల్ని చూడండి, ఇంటిపేరు చూసి నెల్లూరు జిల్లా వాళ్ళనుకుంటాం, వాళ్ళది ఏలూరు. ఆ కైఫియతులు మాత్రం ఇంటిపేరు పిచ్చి ఉన్నవాళ్ళు చూడాల్సిన సరుకు, గుంటూరు వైపు ఊళ్ళవి చాలా ఉన్నాయి, ఏ రాజు ఎవరికి ఏ మాన్యం ఇచ్చాడు, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, అన్నీ కరణాలు చెప్పి రాయించినవి. ఇందులోనూ తిరకాసు ఉంది, నిడమర్రు అనే ఊరు మంగళగిరి పక్కనే కాదు, పాత పశ్చిమగోదావరి జిల్లాలో కొల్లేటి వైపు ఇంకోటి ఉంది. పులిహోర దగ్గర కలిసినాయన ఆ నిడమర్రు నుంచి అయ్యుండొచ్చు. అప్పుడు మా ఇద్దరినీ కలిపేది ఒక్క వ్యాకరణ సూత్రం.

సరే ఎంతమంది ఉంటాం మేము? మన జనాభా లెక్కల్లో ఇంటిపేర్ల పట్టిక అంటూ ప్రచురించరు, కులం లెక్కలే 1931 తర్వాత అన్ని కులాలకీ పూర్తిగా బయటికి రాలేదు. అమెరికా సెన్సస్ వాళ్ళు ఇంటిపేర్ల జాబితా ఇస్తారు గానీ కనీసం వంద మంది ఉన్న పేర్లకే, 2010 జాబితాలో పటేల్ మొదటి వందలోకి వచ్చేసింది. పటేల్‌కి స్పెల్లింగ్ ఒకటే. మాకు టీ పక్కన హెచ్ పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు, చివర వై, చివర ఐ, మధ్యలో డీఏ, డీయూ, అన్నదమ్ములిద్దరికి రెండు స్పెల్లింగులు ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. ఇన్ని ముక్కలైతే ఇక లెక్క తేలేది ఎక్కడ.

రక్తం సంగతికి వస్తా, ఎందుకంటే ఆ "ఏ నిడమర్తి" ప్రశ్న వెనకాల ఉన్నది అదే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ బ్రయన్ సైక్స్ 2000 సంవత్సరంలో తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి చూస్తే దాదాపు సగం మందిది ఒకటే రకం. అది తండ్రి నుంచి కొడుక్కి పోయేది, ఇంటిపేరూ అంతే, కాబట్టి కుదిరింది. మన దగ్గర ఒకే ఊరు వదిలిన కోమటి, కమ్మరి, కాపు, బ్రాహ్మడు, మాల అందరూ అదే పేరు తగిలించుకుంటే ఎట్టా కుదురుతుంది? క్రైస్తవంలోకి వెళ్ళిన వాళ్ళు కూడా పేరు మార్చుకున్నారు గానీ ఇంటిపేరు వదల్లేదు. పైగా మా నాన్న వైపు గ్రూపు గొప్పది, మీది కాదు అని మురిసే వాళ్ళకి ఒక మాట, ఆర్యుల గుర్తు అని ఊరేగించే ఆ ఆర్1ఏ గ్రూపు మన నల్లమల చెంచుల్లో కూడా ఉందని 2003లోనే తేల్చారు.

హైదరాబాద్‌లో జన్యు పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్ళు, అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు కలిసి 2009లో, మళ్ళీ 2013లో చేసిన పరిశోధనలు చెప్పేది ఏంటంటే మనందరం పాత కలగలుపే, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందట వరకు దేశమంతా బాగా కలిసిపోయారు, తర్వాత ఎక్కడివాళ్ళక్కడ తలుపులు వేసుకుని లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. అంటే కులం గోడ నిజమే, గోడకి అటూ ఇటూ ఉన్నది మాత్రం ఒకే కూర, పాళ్ళు తేడా. ఇంకో సంగతి, ప్రపంచంలో జన్యు పరిశోధన చేసే ప్రతివాడూ వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టులో మన తెలుగువాళ్ళ నమూనాలు వంద పైగా ఉన్నాయి, తీసింది గుంటూరులోనో బెజవాడలోనో కాదు, ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాళ్ళ దగ్గర. సైన్సుకి తెలుగువాడంటే ఎన్నారైయే. వాటి మీద ఎవరి ఇంటిపేరూ ఉండదు, నంబర్లే.

లెక్క వేసుకోండి, పది తరాలు వెనక్కి వెళ్తే 1,024 మంది ఉండాలి, మేనరికాలు చేసుకున్నాం కాబట్టి అసలు మనుషులు ఇంకా తక్కువే అనుకోండి, అందులో ఇంటిపేరు ఇచ్చింది ఒక్కడు. మిగతా వాళ్ళంతా ఏమయ్యారు?

ఇది బ్రాడీపేటలో మా మేనత్త ముందు కూర్చుని అంటున్నా, ఆవిడకి ఎనభై నాలుగు. ఫోన్లో ఆ రంగు మరక చూపించి "అత్తా, మన నిడమర్తి వంశం హెచ్ గ్రూపంట" అన్నా. కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, పకపకా నవ్వి, "ఒరేయ్, మీ తాత నిడమర్తోడు ఎట్టా అవుతాడ్రా, దత్తు గదా" అంది.

నలభై ఏడేళ్ళు వచ్చాయి నాకు, ఈ మాట ఎవరూ చెప్పలా. ముత్తాతకి పిల్లల్లేకపోతే ముత్తవ్వ తన అక్క కొడుకుని, దొండపాటి వాళ్ళ పిల్లాణ్ణి, ఐదేళ్ళప్పుడు తెచ్చుకుని పెంచుకుందిట. "బండిలో వచ్చేటప్పుడు దోవంతా ఏడ్చాడంట, జున్ను పెట్టి ఊరుకోబెట్టారంట, పెద్దయ్యాక కూడా జున్నంటే లేచొచ్చేవాడు మా నాయన" అంది. అంటే నేను ఉమ్మి పంపించింది దొండపాటి వాళ్ళ ఉమ్మి. నిడమర్తి మాకు ప్రేమతో వచ్చింది, కొంచెం పొలంతో కూడా వచ్చిందనుకోండి.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది, ఆ పులిహోర దగ్గర పెద్దమనిషి గుర్తొచ్చి. దత్తతలు, ఇల్లరికాలు లేని ఇల్లు మన కోస్తాలో ఎక్కడ చూపిస్తారు చెప్పండి. అయినా వాట్సాప్‌లో "ఫలానా ఇంటిపేరు గ్లోబల్ ఫ్యామిలీ" అని గ్రూపులు పెట్టడం, నాలుగు రోజులకే అది కులం గ్రూపు అయిపోవడం, ఒరిజినల్ మేమంటే మేమని కొట్టుకోవడం. 2023లో సియాటిల్ నగరం కులవివక్ష కూడదని చట్టం తెచ్చినప్పుడు మనల్ని అవమానించారు అన్న వాళ్ళలో, "మీరు ఏ ఫలానా" అని అడిగేవాళ్ళు ఎంతమందో వాళ్ళకే తెలియాలి.

డీఎన్‌ఏకి నిజంగా ఒక ఉపయోగం ఉంది, అది గొప్పలకి కాదు. తలుపులు వేసుకుని చేసుకున్న పెళ్ళిళ్ళ వల్ల కొన్ని లోపాలు కొన్ని సమూహాల్లో పేరుకుపోతాయి. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినిల్‌కోలిన్ అనే మందు కొంతమంది ఆర్యవైశ్యులకి చాలాసేపు దిగదు, ఊపిరి అందక ప్రాణం మీదకి వస్తుంది, ఇది డాక్టర్లకి తెలిసిన విషయమే, మత్తు ఇచ్చే డాక్టరుకి ముందే చెప్పుకోవాలి. ఇలాంటివి తండ్రి ఇంటిపేరు చూస్తే దొరకవు, తల్లి వైపు, అమ్మమ్మ వైపు, నాయనమ్మ వైపు ఎవరికి ఏం జబ్బులొచ్చాయో అడగాలి. ఇక ఆ కిట్ కంపెనీల సంగతా, వాటిల్లో బాగా పేరున్నదే 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, మన ఉమ్మి ఎవరి చేతికి పోతుందో కూడా ఆలోచించుకోవాల్సి వచ్చింది.

అందుకని మన అసోసియేషన్ కమిటీకి నాదొక మనవి. మెంబర్‌షిప్ ఫారంలో ఇంటిపేరు, గోత్రం అని రెండు గడులున్నాయి. ఆ గోత్రం గడి ఎవరికి కావాలి, పెళ్ళిళ్ళ పేరయ్యలకి తప్ప? అది కొట్టేసి అమ్మ పుట్టింటిపేరు, అమ్మ ఊరు అని పెట్టండి. మా ఆవిడ పేరు డైరెక్టరీలో నా ఇంటిపేరుతో ఉంది, అంటే ఎవడో తెచ్చిపెట్టుకున్న పేరు మోసే నా వెనక ఆవిడ తన అసలు పేరు పోగొట్టుకుని నిలబడింది. నాకైతే సిగ్గనిపించింది.

ఆ మధ్యాహ్నం అత్త చెప్తుంటే క్యాలెండర్ వెనక రాశా. అమ్మ పుట్టిల్లు వేమూరి వారు, నాయనమ్మది కొల్లూరి వారు, నాయనమ్మ వాళ్ళమ్మది చేబ్రోలు వారు, మధ్యలో ఒక పేరు దగ్గర "కాదు కాదు కొట్టెయ్, వాళ్ళు మారుమనువు వాళ్ళు" అంది, నేను కొట్టెయ్యలేదు, పక్కన చుక్క పెట్టా. పెంచిన ముత్తవ్వ పుట్టింటిపేరు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు కిటికీలోంచి చూసింది. "ఆవిడ్ని అందరూ దొడ్డమ్మా దొడ్డమ్మా అనేవాళ్ళురా, ఇంటిపేరు ఎప్పుడూ అడగలా" అని, తెనాల్లో మా పెదనాన్న కూతురికి ఫోన్ చెయ్యమంది, ఆమె మధ్యాహ్నం పడుకుంటుందట, నాలుగింటికి చెయ్యమంది.

చేశా. ఆమెకీ తెలీదు. ఆ గడి ఖాళీగానే ఉంది.