అవుట్‌బాక్స్‌లో అర్ధరాత్రి కోపం

మా మామగారు పోతూ పోతూ అమలాపురం పక్కనున్న రెండెకరాల కొబ్బరితోటని మా ఆవిడకీ, ఆవిడ తమ్ముడికీ చెరిసగం రాసిపోయారు. తోట చూసుకునేది నేను. కాకినాడలో కూర్చుని బేరం కుదిర్చేది మా బావమరిది. అంబాజీపేటలో వెయ్యి కాయల ధర ఎంత పలుకుతోందో నాకన్నా ముందు అతనికే తెలుస్తుంది. కాయల దింపు ఇక్కడ, డబ్బు అక్కడ. ఇలాంటి ఏర్పాటులో చుట్టరికం నిలబడిందంటే అది కేవలం మా ఆవిడ భయం వల్లే.

ఈ లెక్కలు మేం ఫోన్లో మాట్లాడుకోం. మాట్లాడితే మా ఆవిడ వింటుంది. పైగా నేను ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. అందుకని అంతా మెయిల్లోనే. నాది బటన్ ఫోను. ఇంట్లో కంప్యూటర్ ఉంది, దాన్లో మా అబ్బాయి అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి, కంప్యూటర్ వెయ్యగానే దానంతటదే తెరుచుకునేలా చేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. "బ్రౌజర్లో చూసుకుంటే చాలదురా?" అంటే, "నెట్ లేకపోయినా పాత ఉత్తరాలు చదువుకోవచ్చు నాన్నా, కొత్తవి రాసుకోవచ్చు" అన్నాడు. రాసుకోవచ్చు అన్న మాట దగ్గరే నేను పడిపోయాను.

మొన్న వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. రాత్రి పదకొండైంది, నిద్ర రాదు. గత దింపు డబ్బు ఇంకా రాలేదన్న సంగతి ఆ వేళకే గుర్తుకు రావాలా? లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మామూలుగా "చిరంజీవి" అని మొదలుపెడతాను. ఆ రాత్రి "అయ్యా" అని మొదలుపెట్టాను. గుమాస్తా "అయ్యా" అన్నాడంటే వెనకాల నోటీసు వస్తున్నట్టే. మూడు పేరాలు రాశాను. రెండో పేరాలో మామగారి ఆత్మని కూడా సాక్షిగా పిలిచాను.

సరిగ్గా అప్పుడే వీధి చివర కొబ్బరిమట్ట విరిగి తీగల మీద పడింది. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మంటూ కంప్యూటర్ని మాత్రం పట్టుకుంది. నెట్ డబ్బాకి యూపీఎస్ లేదు, అది ఆరిపోయింది. అది చూసుకోకుండా నేను "సెండ్" నొక్కేశాను. ఎడంపక్క అవుట్‌బాక్స్ అన్న పేరు పక్కన 1 అంకె పడింది. మరో రెండు నిమిషాలకి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పంపించేశాను కదా అని హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే ఆరింటికి వీధి గుమ్మంలో మా బావమరిది!

తొలి బస్సుకి యానాం, ఎదుర్లంక మీదుగా వచ్చేశాడట. ఒక చేతిలో కాజాల పొట్లం, రెండో చేతిలో కవరు. "గత దింపు డబ్బండీ బావగారూ, ఆలస్యమైపోయింది, ఏమీ అనుకోకండి" అంటూ చేతిలో పెట్టాడు. లెక్క పెట్టాను. పైసా తక్కువ లేదు, పైగా చిల్లర రౌండు చేసి పది రూపాయలు ఎక్కువే ఉంది. మా ఆవిడ "చూశారా మా తమ్ముణ్ణి" అన్నట్టు చూసింది. నేను చూడలేకపోయాను.

నేను రాసింది ఇతను ఇంకా చదవలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. దొడ్లోకి వెళ్ళి మా అబ్బాయికి ఫోన్ చేశాను.

"అవుట్‌బాక్స్ పక్కన 1 చూశావా? అయితే వెళ్ళలేదు నాన్నా. నీ కంప్యూటర్లోనే ఉంది" అన్నాడు.

"పోనీ నువ్వు అక్కణ్ణుంచి నా మెయిల్లోకి వెళ్ళి తీసెయ్యరా."

"ఇన్‌బాక్స్ అయితే సర్వర్ మీద ఉంటుంది, ఎక్కణ్ణుంచైనా కనిపిస్తుంది. అవుట్‌బాక్స్ అలా కాదు, నీ కంప్యూటర్లోనే ఉంటుంది. అవుట్‌లుక్ తెరుచుకుని, నెట్ తగిలిందా, దానంతటదే వెళ్ళిపోతుంది."

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి కూర్చున్న మనిషి లాంటిదన్నమాట. టిక్కెట్టు తీసుకున్నాడు, సామాను ఎక్కించాడు, కానీ ఇంకా నరసాపురం చేరలేదు. పంటు కదలకముందు చెయ్యి పట్టుకుని దింపెయ్యవచ్చు. నీళ్ళలోకి కదిలాక ఒడ్డున నిలబడి అరవడమే.

జీమెయిల్‌ని బ్రౌజర్లో వాడేవాళ్ళకి పంపినదాన్ని వెనక్కి లాక్కోవడానికి మహా అయితే 30 సెకన్లు గడువట. నాకు కరెంటువాళ్ళ దయవల్ల రాత్రంతా గడువు దొరికింది. చెయ్యాల్సింది కూడా మా అబ్బాయి చెప్పాడు. కంప్యూటర్ వేసే ముందు నెట్ వైరు పీకెయ్యాలి. అవుట్‌లుక్ తెరుచుకున్నాక, సెండ్ రిసీవ్ అన్న చోట వర్క్ ఆఫ్‌లైన్ నొక్కాలి. అప్పుడు అవుట్‌బాక్స్‌లోకి వెళ్ళి ఉత్తరం మీద షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టాలి. ఉత్త డిలీట్ కొడితే డిలీటెడ్ ఐటమ్స్‌లో పడి ఉంటుందట, మళ్ళీ ఎవరి కంటోనైనా పడొచ్చు.

లోపలికొచ్చేసరికి మా బావమరిది కంప్యూటర్ గదిలో కుర్చీ తుడుచుకుంటున్నాడు.

"కరెంటు ఎప్పుడొస్తుందండీ?"

"ఎందుకయ్యా?"

"ఆయ్, ఏం లేదండి. మీ కంప్యూటర్లో వైరస్ ఉందేమో ఓసారి చూద్దామని."

ఇతను ఏదో పసిగట్టాడు అనుకున్నాను. టిఫిన్ తిందాం రమ్మంటే రాడు. తోట చూద్దామంటే "బురదండీ" అంటాడు. కోనసీమలో పుట్టినవాడు బురదంటే వెనకాడటం నేను మొదటిసారి చూశాను. నేను ఒక పక్క నెట్ వైరు దగ్గర, అతను ఇంకో పక్క స్విచ్చు దగ్గర, ఇద్దరం కాజాలు నములుతూ కాపలా కాశాం.

తొమ్మిదిన్నరకి ఫ్యాను తిరిగింది. అతను స్విచ్చు నొక్కాడు. నేను వైరు పీకాను.

"అయ్యో, నెట్ రాదేమోనండీ అలా పీకేస్తే!"

"వర్షానికి షాక్ కొడుతోంది" అన్నాను. "ఒసేయ్, మీ తమ్ముడు బొండం అడుగుతున్నాడు" అని వంటింట్లోకి కేకేశాను. అతను అడగలేదు. అయినా అక్క పిలిస్తే వెళ్ళక తప్పదు కదా. ఆ రెండు నిమిషాల్లో పని కానిచ్చేశాను. షిఫ్ట్, డిలీట్. శాశ్వతంగా తీసెయ్యాలా అని అడిగింది. "శాశ్వతంగానే తల్లీ" అన్నాను. అవుట్‌బాక్స్ పక్కన అంకె పోయింది. కాఫీ తాగినంత హాయిగా అనిపించింది.

మా బావమరిది బొండంతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఇప్పుడు వైరు పెట్టండి బావగారూ, నేను చూస్తాను" అన్నాడు. ఇంక నాకేం భయం? దర్జాగా వైరు పెట్టి, ఆఫ్‌లైన్ తీసేశాను.

ట్రింగ్‌మంది. కింద కుడి మూలన చిన్న డబ్బా పైకి లేచింది. అవుట్‌లుక్‌లో ఇదొక సదుపాయం, కొత్త ఉత్తరం వస్తే పంపినవాళ్ళ పేరు, విషయం, మొదటి ముక్కలు కనిపిస్తాయి. పంపింది మా బావమరిది. రాత్రి పన్నెండున్నరకి. విషయం: కొబ్బరికాయల లెక్క. మొదటి ముక్కలు: "అయ్యా, గత దింపులో 200 కాయలు..."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అతని చేతిలో బొండం వణుకుతోంది. పాపం, అతని ఉత్తరానికి కరెంటు కోత అడ్డుపడలేదు. కాకినాడ నుంచి దర్జాగా బయల్దేరి సర్వర్ మీద కూర్చుంది. తెల్లారేసరికి బుద్ధొచ్చి, నేను చదివేలోపు నా కంప్యూటర్లోంచే తీసేద్దామని తొలి బస్సు ఎక్కాడు.

"అది... స్పామ్ అండి బావగారూ" అన్నాడు చివరికి.

"అలాగే ఉందయ్యా" అన్నాను.

పెద్దమనిషి తరహాగా, తెరవకుండానే కుడి మీట నొక్కి, జంక్‌లోకి వెళ్ళి, బ్లాక్ సెండర్ కొట్టాను. ఉత్తరం మాయమైంది. అతను ఊపిరి పీల్చుకుని రెండు బొండాలు తాగాడు. మధ్యాహ్నం చేపల పులుసు తిని, సాయంత్రం బస్సెక్కాడు.

సంగతి విని మా అబ్బాయి ఇంకో ఏర్పాటు చేశాడు. నేను సెండ్ నొక్కిన ప్రతి ఉత్తరం కొంతసేపు అవుట్‌బాక్స్‌లో ఆగేలా ఒక రూల్ పెట్టాడు. అలా ఎక్కువలో ఎక్కువ 120 నిమిషాలు ఆపొచ్చట. నా కోపానికి అది చాలదన్నాను, అంతకన్నా ఒప్పుకోదన్నాడు.

నెలన్నర గడిచింది. ఈ దింపు లెక్క రాలేదు. మా ఆవిడ ఫోన్ చేస్తే వాళ్ళ తమ్ముడు, "మూడుసార్లు మెయిల్ చేశానక్కా, బావగారు ఉలకరు పలకరు" అన్నాడట. అప్పుడు గుర్తొచ్చింది, నేను బ్లాక్ చేసింది ఉత్తరాన్ని కాదు, మనిషిని. జంక్ తెరిచి చూస్తే మూడూ అక్కడే ఉన్నాయి. మొదటిది "గౌరవనీయులైన బావగారికి" అని ఉంది. రెండోది ఉత్త "బావగారికి". మూడోది "అయ్యా".